బెదిరించినంత మాత్రాన బెదరాలా?

నెల్లూరు జిరాక్సు షాపుల్లో దొరికే పదో తరగతి ఇంగ్లీషు బిట్ల పేపర్లలో ఒక పేజీ ఉంటుంది. ఎడమ పక్కన వరసగా ఫ్రైటెన్, స్కేర్, టెర్రిఫై, అలార్మ్, ఇంటిమిడేట్, స్టార్టిల్, డాంట్, హారిఫై. కుడి పక్కన ఎనిమిదింటినీ కలిపి పెద్ద బ్రాకెట్టు, దానికెదురుగా ఒకే ఒక్క మాట: భయపెట్టు. పిలకాయలు దాన్నే బట్టీ కొట్టి పరీక్షకు పోతారు. మార్కు కూడా వస్తుంది. చిక్కల్లా ఆ తర్వాత, ఆ మాటను ఒక వాక్యంలో పెట్టాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది.

నా అభ్యంతరం ఆ బ్రాకెట్టు మీద. ఆ పిల్లవాడి అమ్మ ఒక్క రోజులో మాట్లాడే తెలుగు చూడండి. కుక్కర్ విజిలుకు ఉలిక్కిపడుతుంది. వడియాల మీద వాలిన కాకిని తోలుతుంది. బడికి పోనన్న బిడ్డను గద్దిస్తుంది. అప్పిచ్చినోడు వచ్చి బెదిరించి పోయాడని చెబుతుంది. టీవీలో తుపాను కబురు చూసి కంగారు పడుతుంది. పెద్దాసుపత్రికి ఒంటరిగా పోవాలంటే జంకుతుంది. రోడ్డు మీద లారీ ప్రమాదం సంగతి విని ఒళ్ళు జలదరించిందంటుంది. ఏడు సందర్భాలకు ఏడు మాటలు. 'భయపెట్టు' అన్న మాట రోజంతా ఆమె నోట రాకపోవచ్చు. ఈ ఏడూ పుట్టినప్పట్నుంచి వింటున్న బిడ్డకు ఇంగ్లీషు మాటలన్నిటినీ ఒకే మూటలో కట్టివ్వడమంటే, వాడి దగ్గరున్నది దాచిపెట్టి వాణ్ణి పేదవాణ్ణి చేయడమే.

బ్రాకెట్టు తప్పని తెలిసిన టీచర్లు కొందరు దాని బదులు నిచ్చెన వేస్తారు. స్కేర్ అంటే కొంచెం భయం, ఫ్రైటెన్ అంటే మామూలు భయం, టెర్రిఫై అంటే బోలెడు భయం. ఇందులో నిజం లేకపోలేదు. టెర్రిఫై నిజంగానే పైమెట్టు. స్కేర్‌కూ ఫ్రైటెన్‌కూ మధ్య మాత్రం మెట్టు తేడా కన్నా వాడుక తేడా ఎక్కువ. స్కేర్ నోటి మాట, ఫ్రైటెన్ కాస్త రాతలో ఇమిడేది. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళు ఆ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడుతూనే ఉంటారు. మరి అలార్మ్‌ను ఏ మెట్టు మీద పెడతారు? ఇంటిమిడేట్‌ను? అవి నిచ్చెనకు ఎక్కవు, ఎందుకంటే వాటి తేడా భయం కొలతలో లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి: అది క్షణంలో జరిగిందా, మెల్లగా కమ్ముకుందా? చేసినవాడికి ఉద్దేశం ఉందా? భయపడ్డవాడు ఆ తర్వాత ఏం చేశాడు, పరిగెత్తాడా, లొంగాడా, సర్దుకుని సిద్ధపడ్డాడా? ఆ భయంలో ఇంకేదైనా కలిసి ఉందా?

ఒక టపాకాయ, మూడు మాటలు

ఒంగోలు వైపు బండలాగుడు పోటీ చూసినవాళ్ళకు ఈ దృశ్యం తెలుసు. జత ఎద్దులు కాడి కింద ఉన్నాయి, వెనక బండ, చుట్టూ జనం. ఎవడో పక్కన టపాకాయ పేల్చాడు.

ముందు చెవులు నిక్కుతాయి, ఒళ్ళంతా ఒక్కసారి అదురుతుంది. అది ఉలికిపాటు, ఇంగ్లీషులో స్టార్టిల్. ఆ మాట ఆయుష్షు ఒక్క క్షణం. దానికి ప్రమాదం కూడా అక్కర్లేదు. వెనకనుంచి వచ్చి భుజం తట్టినా, చీకట్లో ఫోను మోగినా స్టార్టిల్ అవుతాం. 'ఏందబ్బా, అట్ట ఉలిక్కిపడ్డావ్?' అని అడిగితే నవ్వేసి ఊరుకుంటాం. అందుకే 'ఆ కుక్క అతన్ని గంటసేపు స్టార్టిల్ చేసింది' అంటే అతకదు. తెలుగులోనూ గంటసేపు ఉలిక్కిపడం.

తర్వాత ఎద్దు కనుగుడ్లు తిప్పుతుంది, మెడ వెనక్కి లాగుతుంది, పగ్గం పట్టుకున్న మనిషి అదిలించినా ముందుకు అడుగు వేయదు. ఇప్పుడది బెదిరింది. ఇది ఫ్రైటెన్. భయం లోపలికి పోయి కూచుంది. పగ్గం తెంపుకుని జనం మీదికి పడితే ఇక అక్కడ ఎవరి అదుపులోనూ ఏదీ ఉండదు. ఎద్దును చూసి జనం, జనాన్ని చూసి ఇంకా జనం. అది పానిక్. గ్రీకుల అడవి దేవుడు పాన్ పేరు మీద వచ్చిన ఈ మాటలో అసలు సంగతి, భయం ఒకరినుంచి ఒకరికి అంటుకోవడం, బుద్ధి పని చేయకపోవడం. 'బెంబేలెత్తిపోయారు' అంటాం చూడండి, అది. ఒకే టపాకాయ, ఒకే ఎద్దు, అరనిమిషంలో మూడు మాటలు. వీటిని చిన్న, పెద్ద, మరీ పెద్ద అని కొలవడం కన్నా ముందేది, వెనకేది, ఎక్కడిదాకా పాకింది అని చూస్తే పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది.

అదిలించడం ఈ కుటుంబంలోది కాదని కూడా చెప్పాలి. కేక అదే, గొంతు అదే, కానీ అదిలించేవాడికి ఎద్దు భయపడటం అవసరం లేదు, కదిలితే చాలు. దాన్ని స్కేర్ అని రాస్తే తప్పు, అర్జ్ అని రాస్తే దగ్గర.

స్కేర్‌కు అసలు జోడీ తోలడం. వెన్ను వేసిన జొన్న చేలో మంచె కట్టుకుని, వడిసెలలో రాయి పెట్టి విసిరి, డబ్బా వాయించి పిట్టల్ని తోలతారు. ఇంగ్లీషువాడు అక్కడ స్కేర్ అవే అంటాడు. పిట్ట ఎంత భయపడిందన్నది ఇద్దరికీ పట్టదు, చేను వదిలి పోయిందా లేదా అన్నదే లెక్క. రొయ్యల గుంటల మీద అడ్డదిడ్డంగా కట్టే దారాలూ అందుకే. జబ్బు చేసి చచ్చిన రొయ్యను కాకి ఒక గుంటలో ఎత్తుకుని ఇంకో గుంటలో జారవిడిస్తే ఆ గుంటకూ రోగం అంటుతుంది, కాబట్టి పక్షి వాలకూడదు. వాటిని ఇంగ్లీషు కాగితాల్లో బర్డ్ స్కేర్ లైన్లు అంటారు. తెలుగు చేసేవాళ్ళు 'పక్షులను భయపెట్టు తాళ్ళు' అని రాస్తే గుంట దగ్గర పని చేసేవాడికి నవ్వు రాదు గానీ, అర్థమూ కాదు. చేలో దిష్టిబొమ్మకు పిట్టలు కొన్నాళ్ళకే అలవాటు పడి దాని భుజం మీదే వాలతాయి. స్కేర్‌లో భయం అంతే, నిలవ ఉండదు. రేటు విని బేరగాళ్ళు పారిపోయారన్నచోట, రేటు వాళ్ళను స్కేర్ ఆఫ్ చేసిందంటే సరిపోతుంది, టెర్రిఫైడ్ అని రాస్తే వాళ్ళ మీద ఎవరో కత్తి దూసినట్టు ఉంటుంది.

బెదిరింపూ బెదురూ

'మీ బెదిరింపులకు బెదిరేది లేదు' అని మన నాయకులు మైకు ముందు రోజూ అంటుంటారు. ఈ ఒక్క వాక్యం ఇంగ్లీషు టీచరుకు పెద్ద నిధి. బెదరు అన్న మాటనుంచే బెదిరించు పుట్టింది. బెదిరేట్టు చేయడమే దాని మొదటి అర్థం. కానీ వాడుకలో రెండూ విడిపోయాయి. ఒకడు బెదిరించవచ్చు, అవతలివాడు బెదరకపోవచ్చు. బెదిరించడం నోటితో, చేతితో అవతలివాడి మీదికి పంపే కబురు: నువ్వు ఇది చేయకపోతే నేను అది చేస్తాను. అంటే త్రెటెన్. ఫలితం దాంట్లో లేదు. ఫలితం కూడా కలిసి రావాలంటే తెలుగులో బెదరగొట్టు ఉంది, భయపెట్టు ఉంది. ఇంగ్లీషులో ఫ్రైటెన్, స్కేర్ ఉన్నాయి. 'ఫ్రైటెన్ చేశాడు కానీ నేను భయపడలేదు' అంటే వాక్యం తనను తానే కొట్టేసుకుంటుంది. 'త్రెటెన్ చేశాడు కానీ నేను భయపడలేదు' అంటే నిక్షేపంగా ఉంటుంది.

ఇది వ్యాకరణం పట్టింపు అనుకునేవాళ్ళు చట్టం చూడాలి. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 503వ సెక్షన్, 2024 జూలై 1నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 351. నేరం పేరు క్రిమినల్ ఇంటిమిడేషన్. నిర్వచనం సారం ఇది: ఒక మనిషికో, అతని పరువుకో, ఆస్తికో హాని చేస్తానని త్రెటెన్ చేయాలి. ఆ చేయడంలో అతనికి అలార్మ్ కలిగించాలన్న ఉద్దేశం ఉండాలి, లేదా చేయనక్కర్లేని పని చేయించాలని, చేసే హక్కున్న పని మాన్పించాలని ఉండాలి. ఒక్క వాక్యంలో మూడు భయపు మాటలు, మూడింటికీ మూడు పనులు. త్రెటెన్ చేసిన చేత. అలార్మ్ వాడి మనసులో ఉన్న గురి. ఇంటిమిడేషన్ ఆ రెండూ కలిస్తే అయ్యే నేరం. అవతలివాడు నిజంగా భయపడి తీరాలన్న మాట ఆ నిర్వచనంలో లేదు. అదే దోపిడీలాంటి వసూలుకు, అంటే ఎక్స్‌టార్షన్‌కు, పాత 383, కొత్త 308 సెక్షన్లలో మాట మారుతుంది. అక్కడ హాని జరుగుతుందన్న భయంలో మనిషిని పెట్టాలి, ఆ భయంతో అతను సొత్తు అప్పజెప్పాలి. ఇక్కడ ఫలితం కావాలి. మన బెదిరించు, భయపెట్టుల మధ్య తేడా ఏదో ఆ రెండు సెక్షన్ల మధ్య తేడా అదే.

ఇప్పుడు ఒక అర్జీ వాక్యం తీసుకుందాం. 'పొలం గట్టు మీదికి వస్తే చంపుతానని నన్ను బెదిరించినాడు.' బిట్ల పేపరు చదువుకున్న చెయ్యి దీన్ని 'హి ఫ్రైటెన్డ్ మి' అని మొదలుపెడుతుంది. చదివే అధికారికి అతను ఏం అన్నాడో తెలియదు, ఈయన భయపడ్డాడని మాత్రమే తెలుస్తుంది. ఎందుకు భయపడ్డాడు? మీసం తిప్పాడనా, కుక్కను వదిలాడనా? నేరానికి పట్టుగొమ్మ అయిన మాట అక్కడ లేకుండా పోయింది. త్రెటెన్డ్ అని రాసి, దాని వెంట టు కిల్ మి చేర్చి, ఏ షరతు మీద అన్నాడో ఇఫ్ పెట్టి చెబితే వాక్యం నిలబడుతుంది. త్రెటెన్ తర్వాత టు వస్తే చేస్తానన్న పని, విత్ వస్తే చూపించిన ఆయుధమో, తగులుతుందన్న హానో. ఫ్రైటెన్ తర్వాత ఆ టు రాదు. దాని వెనక వచ్చేది ఇంటు: భయపెట్టి సంతకం పెట్టించుకుంటే ఫ్రైటెన్డ్ ఇంటు సైనింగ్, భయపెట్టి సాక్ష్యం మాన్పిస్తే ఔట్ ఆఫ్. తెలుగులో 'పెట్టించు', 'మాన్పించు' అని క్రియ చివర చేసే పనిని ఇంగ్లీషు ఆ చిన్న మాటలతో చేస్తుంది.

దబాయించడం మళ్ళీ వేరు. అందులో హాని చేస్తానన్న మాట ఉండదు, గొంతు, హోదా, ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వకపోవడం ఉంటాయి. దానికి బ్రౌబీట్ అతికినట్టు సరిపోతుంది. బిట్ల పేపర్లలో ఆ మాటే కనపడదు.

తుపాను కబురు

కోస్తాలో ఉండేవాళ్ళకు అలార్మ్ ఎట్లాంటిదో ఎవరూ నేర్పనక్కర్లేదు. 'ఆయుధాలు పట్టండి' అనే ఇటాలియన్ కేకనుంచి వచ్చిన మాట అది. దాని తోడబుట్టినట్టుండే అలర్ట్ కూడా అక్కడిదే, 'కాపలాకు' అన్న కేక. రెంటిలోనూ ప్రమాదం ఇంకా రాలేదు, వస్తోంది. సోమశిలనుంచి నీళ్ళు వదిలారు, పెన్నలో మట్టం గంటగంటకూ పెరుగుతోంది అంటే అలార్మింగ్. నీళ్ళు ఇంట్లోకొచ్చి మంచం మునిగాక అలార్మింగ్ అనడం మాట చాలకపోవడమే, అప్పటికి అది టెర్రిఫైయింగ్. తెలుగులో కంగారు, గాభరా ఈ 'ఇంకా రాలేదు' అన్న అర్థాన్ని బాగా మోస్తాయి.

వాతావరణ శాఖ తన మాటల్ని ఎంత జాగ్రత్తగా ఎంచుకుందో గమనించండి. తీరంలో వాతావరణం చెడటానికి 72 గంటల ముందు ఇచ్చేది వాచ్. 48 గంటల ముందు అలర్ట్. 24 గంటల ముందు వార్నింగ్. కనిపెట్టి ఉండండి, సిద్ధంగా ఉండండి, ఇక కదలండి. ఎక్కడా భయం అన్న మాట లేదు. అదే రోజు టీవీలో 'నెల్లూరును వణికిస్తున్న తుపాను' అని ఎర్రక్షరాలు పరిగెడుతుంటాయి. తుపాను అప్పటికి సముద్రంలో వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది, వణికినవాడు ఒక్కడూ ఉండడు. ఆ సమయంలో మైపాడులో, కొత్తపట్నంలో పడవ ఉన్న మనిషి చేయాల్సింది పడవను గట్టెక్కించి, వల చుట్టి, తాడు బిగించడం. వాడికి అలర్ట్ కావాలి, టెర్రర్ కాదు. ఈ తేడా పట్టని హెడ్డింగు వినీ వినీ, నిజంగా కదలాల్సిన వార్నింగ్ వచ్చినప్పుడు 'వీళ్ళెప్పుడూ ఇంతేలే' అని పక్కకు తిరిగి పడుకునే ప్రమాదం ఉంది. మాటల పొదుపు ఇక్కడ ప్రాణాల సంగతి.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మన తూర్పు తీరానికీ సునామీ హెచ్చరిక వచ్చింది, ఆ సాయంత్రానికే ఉపసంహరించుకున్నారు. ఇంగ్లీషులో అలాంటిదాన్ని సునామీ స్కేర్ అంటారు. నామవాచకంగా వాడితే స్కేర్‌కు కొత్త అర్థం వస్తుంది: జనం హడలిపోయారు, చివరికి ఏమీ జరగలేదు. 2004 డిసెంబరు 26న జరిగింది స్కేర్ కాదు. బాంబ్ స్కేర్‌కు మన పత్రికలు పెట్టుకున్న మాట 'బాంబు కలకలం', చాలా మంచి మాట. ఒక లోపం మాత్రం ఉంది. నిజంగా హత్య జరిగినా 'కలకలం' అనే రాస్తాం. స్కేర్‌లో ఉన్న 'ఉత్తదేనని తేలింది' అన్న భాగం కలకలంలో లేదు, దాన్ని పక్కనే చెప్పుకోవాల్సిందే.

గగుర్పాటు

హారిఫై మూలంలో ఉన్నది లాటిన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. మన గగుర్పాటు అచ్చం అదే. విరాటపర్వంలో అంతఃపురంలో బీరాలు పలికి రథమెక్కిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే అతని రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నెల్లూరు తిక్కన భారతాన్ని అందుకున్నది ఆ పర్వంనుంచే కాబట్టి ఈ ఉదాహరణ మన వాకిట్లోదే.

అయితే ఇప్పటి ఇంగ్లీషులో ఉత్తరుణ్ణి హారిఫైడ్ అనకూడదు, టెర్రిఫైడ్ అనాలి. ఎందుకంటే అతని భయం తన ప్రాణం గురించి. హారిఫై అయ్యేవాడికి తన ప్రాణభయం ఉండనక్కర్లేదు. జాతీయ రహదారి మీద బస్సు కాలిపోయిన వార్త ఇంట్లో కూచుని చదివినవాడికి ఏ ప్రమాదమూ లేదు, అయినా కడుపులో తిప్పుతుంది, కళ్ళు మూసుకుంటాడు. 'ఆ వార్త నన్ను భయపెట్టింది' అని తెలుగులో అంటే, ఇక బస్సెక్కనని అర్థం వస్తుంది. 'ఒళ్ళు జలదరించింది' అంటేనే హారిఫై. భయంతో పాటు ఏవగింపు, ఇట్లా జరగడమా అన్న దిగ్భ్రాంతి కలిసి ఉండాలి.

అపాల్‌కు మొదట్లో అర్థం ముఖం పాలిపోవడం. మన 'పాలిపోవు'తో శబ్దం కలవడం కేవలం కాకతాళీయం. ఇప్పుడు అందులో భయం దాదాపు ఆవిరైపోయింది. హాస్టల్ మరుగుదొడ్ల స్థితి అపాలింగ్ అంటే ఘోరంగా ఉందని, సిగ్గుచేటని, అంతే.

జంకు

డాంట్ లాటిన్‌లో మచ్చిక చేయడం, లొంగదీయడం నుంచి వచ్చింది. కోడెను కాడికి అలవాటు చేసినట్టు. కానీ ఇవాళ మనుషుల్ని డాంట్ చేసేది ఎక్కువగా పని: కొండంత సిలబస్, ఆరెకరాల కలుపు. పరిగెత్తించదు, అరిపించదు, మొదలుపెట్టనీయదు. జంకడం, వెనకాడటం దానికి సరైన మాటలు. ఎక్కువగా డాంటింగ్ అన్న రూపంలో కనపడుతుంది, కాదనే రూపం అన్‌డాంటెడ్.

ఇంటిమిడేట్‌కు చట్టం ఇచ్చిన ముఖం కాక ఇంకో ముఖం ఉంది. కలెక్టరాఫీసు మెట్ల దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డ రైతును ఎవరూ ఏమీ అనలేదు. అద్దాల తలుపు, ఏసీ, గడగడా ఇంగ్లీషు. ఆ చోటే ఇంటిమిడేటింగ్. అక్కడ త్రెటెనింగ్ అని రాస్తే లేనిపోని అభియోగం అవుతుంది. తెలుగులో దీని పేరు బెరుకు. చాలామంది పల్లెటూరి పిల్లలకు ఇంగ్లీషంటే ఉన్నది భయం కాదు, ఈ బెరుకే. భయమని అనుకుని ధైర్యం చెబితే పోదు, పరిచయంతోనే పోతుంది.

కౌ అన్న క్రియకు ఆవుతో సంబంధం లేదు, పాత నార్స్ భాషలో అణచడం. కౌడ్ అంటే కిక్కురుమనకుండా అయిపోయినవాడు.

పోగా మిగిలినవి

టెర్రిఫిక్ ఒకప్పుడు భయంకరం, ఇప్పుడు అద్భుతం. దీన్ని వింత అనుకోనక్కర్లేదు. 'అదరగొట్టాడు' కూడా అదే దారిన నడిచింది. టెర్రిబుల్ మాత్రం చెడ్డ వైపే ఉండిపోయింది, కాబట్టి పాట బాగుందని మెచ్చుకోబోయి టెర్రిబుల్ అంటే పాడినవాడు నొచ్చుకుంటాడు.

ఎడ్, ఇంగ్ తేడా అన్ని భయపు మాటలకూ ఒకటే: భయం పుట్టినవాడికి ఎడ్, పుట్టించినదానికి ఇంగ్. 'ఐ యామ్ ఫ్రైటెనింగ్' అంటే నన్ను చూస్తే జనం దడుసుకుంటారని. స్కేర్‌కు మాత్రం స్కేరింగ్ బదులు స్కేరీ అనాలి. అఫ్రెయిడ్ పేరు ముందు నిలవదు, 'యాన్ అఫ్రెయిడ్ బాయ్' తప్పు, ఫ్రైటెన్డ్ బాయ్ అనాలి. ఎందుకంటే అది అఫ్రే అనే పాత క్రియ తాలూకు రూపం. ఆ అఫ్రే ఇప్పుడు క్రియగా పోయి, నలుగురూ తిరిగే చోట కొట్లాడుకుని శాంతి చెడగొట్టడం అనే నేరం పేరుగా చట్టంలో మిగిలింది. 'ఐ యామ్ అఫ్రెయిడ్, డాక్టర్ గారు లేరు' అన్నప్పుడు ఎవరికీ భయం లేదు, అది 'ఏమీ అనుకోవద్దు'.

ఇక వెనక్కి తిప్పి చూస్తే, మన దగ్గరున్న ఒక మాటకు ఇంగ్లీషులో జోడీ వెతకడం నిజంగా కష్టం. జడుపు. సందె వేళ పిల్లవాడు ఏదో చూసి ఉలిక్కిపడతాడు, ఆ రాత్రి నిద్రలో కేకలు, తెల్లారేసరికి ఒళ్ళు వెచ్చన. 'బిడ్డ జడుసుకున్నాడు' అంటుంది అవ్వ. స్టార్టిల్డ్ అంటే ఆ క్షణంతో అయిపోతుంది. ఫ్రైటెన్డ్ అంటే ఇప్పటికీ దేన్నో చూసి భయపడుతూ ఉన్నాడని అర్థం వస్తుంది. జడుపులో ఉన్నది జరిగిపోయిన ఒక దెబ్బ, ఇంకా ఒంట్లో ఉండిపోయిన దాని గుర్తు. కొంతవరకు దగ్గరికి వచ్చేది క్రియ కాదు, నామవాచకం: హ్యాడ్ ఎ ఫ్రైట్. జ్వరం సంగతి దాని పక్కన ఇంకో వాక్యంగా రాసుకోవాలి.